తుమ్మకర్ర ఓడ

మావారు యుద్ధం నుంచి వస్తూ నాకేం తెస్తారా అని ఏళ్ళ తరబడి ఎదురుచూశాను. మా వీధిలో ఇంకొకాయన తన పెళ్ళానికి మూత మీద అద్దం ఉన్న పౌడరు డబ్బా తెచ్చాడు. మావారు తెచ్చింది ఒక ఇనప ట్రంకు. అందులో రెండు ఖాకీ చొక్కాలు, కొన్ని ఉలులు, ఒక చిన్న రంపం ఉన్నాయి. ఆయన మటుకు బెల్లం కొట్టిన రాయిలా వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"నేతగాళ్ళ ఇంట్లో ఉలులేంటండీ? వాటితో పంచెలు నేస్తారా?" అన్నాను. నా నోరు ఊరుకునే రకం కాదు. ఏడుపు రావాల్సిన చోట నాకు ఎకసెక్కం వస్తుంది.

ఆయన నవ్వలేదు. "ఓడ కట్టాలి" అన్నారు.

ఈజిప్టు ఎడారి ఎండకి కొడుక్కి ఏదో అయిందని అత్తయ్య ఆ సాయంత్రమే ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది. నాకూ లోపల బెరుకుగానే ఉంది. పెళ్ళయి ఏడాదైనా నిండకుండా వెళ్ళిపోయిన మనిషి. మాది చల్లపల్లికి దగ్గర్లో ఊరు, సగం ఊరు చీరలూ పంచెలూ నేసి బతికేది. రెండో ప్రపంచ యుద్ధం రాగానే నూలు దొరకడం గగనమైపోయింది, మగ్గం ఆగింది. "అమ్మని చూసుకో" అని ఒక్క మాట చెప్పి ఆయన బెజవాడ వెళ్ళి పట్టాళంలో చేరారు. తలుపు పక్కన నిలబడి, వెళ్ళే మనిషి చొక్కా వీపు మీద చిరుగు చూసి, అయ్యో కుట్టి ఇవ్వాల్సింది అనుకున్నాను. అప్పటికి నాకు ఆయన గురించి అంతకంటే పెద్దగా తెలియదు.

ఓడ సంగతి కూడా కూర్చోబెట్టి చెప్పలేదు. అన్నం తింటూ ఒక ముక్క, నూతి దగ్గర చేదతో నీళ్ళు తోడుతూ ఒక ముక్క చెప్పారు. అతుకులన్నీ కలిపితే తేలింది ఇది.

ఆయన్ని ఈజిప్టు పంపారు. కైరో పట్నం దగ్గర మిలిటరీ లారీలు బాగుచేసే వర్క్‌షాపులో పని. పక్క మంచం మీది అబ్బాయిది పటమట. ముస్లిముల పిల్లవాడు, తరతరాలుగా ఎడ్లబండ్లు కట్టే ఇల్లు. తండ్రి లేడు, ఇంట్లో తల్లి ఒక్కతే. మావారికి ఉలి పట్టడం నేర్పింది ఆ అబ్బాయే. ఒక సెలవు రోజు ఇద్దరూ అక్కడి మ్యూజియం చూడబోయారు. తక్కినవాళ్ళంతా బంగారం చూడటానికి ఎగబడుతుంటే ఆ అబ్బాయి ఒక అద్దాల పెట్టె దగ్గర ఆగిపోయాడట. అందులో చెక్కతో చేసిన చిన్న ఓడ. వేల ఏళ్ళ కిందటి ప్రభువెవరో చనిపోతే, పైలోకంలోనూ ఏటి మీద తిరగాలి కదా అని సమాధిలో పెట్టారట. చిన్న చిన్న చెక్క మనుషులు వరసగా కూర్చుని తెడ్లు వేస్తున్నారట.

అక్కడ పొడవాటి మానులు దొరకవని, అందుకే ఆ దేశం వాళ్ళు తుమ్మకర్రనే చిన్న చిన్న ముక్కలు కోసి, గోడకి ఇటికలు పేర్చినట్టు పేర్చి ఓడలు కట్టేవాళ్ళని అక్కడ ఎవరో చెప్పారు. ఏ తుమ్మా అని చూస్తే మన కాలవ గట్ల మీద ఉండే నల్లతుమ్మే.

ఆ అబ్బాయికి నవ్వు ఆగలేదట. "తుమ్మతో బండి చక్రం చేస్తారు గాని ఓడ చేస్తారంట్రా! మా అమ్మ చస్తే నమ్మదు" అని, పెట్టె అద్దం మీద అరచెయ్యి ఆనించి బెత్తెలు కొలిచాడట. కాపలావాడు కసిరితే అవతలి వైపుకి పోయి మళ్ళీ కొలిచాడట. "ఇంటికి పోయాక మనిద్దరం ఒకటి కడదాం. మా అమ్మ ముందు పెడదాం, అప్పుడు ఏమంటదో చూద్దాం" అన్నాడట.

అతను ఇంటికి రాలేదు. జ్వరంతో అక్కడే పోయాడు. పటమటలో తల్లికి తంతి వెళ్ళింది.

"ఓడ కట్టి ఆమెకి ఇవ్వాలి" అన్నారు మావారు.

"ముందు ఒకసారి వెళ్ళి పలకరించి రారా. ఓడ తర్వాత చూసుకోవచ్చు" అంది అత్తయ్య.

"ఉత్త చేతుల్తో వెళ్ళలేనమ్మా. ఓడ అవనీ, వెళ్తా."

అక్కడికి మాట ఖాయమైంది. ఓడ పూర్తవ్వాలి, ఆయన పటమట వెళ్ళి ఆ తల్లి ముందు నిలబడాలి. అది జరిగేదాకా ఈ మనిషి నాకు పూర్తిగా తిరిగి రాడని నాకు ఆ రోజే అనిపించింది.

సమాధిలో పెట్టే వస్తువు ఇంట్లో తయారవడానికి వీల్లేదని అత్తయ్య పట్టుబట్టింది. దాంతో ఓడ మగ్గం పాకలోకి వెళ్ళింది. మాది గుంటమగ్గం. నేసేవాళ్ళు గుంటలోకి కాళ్ళు దించుకుని గట్టు మీద కూర్చుంటారు. ఆయన అక్కడే, రోజూ కూర్చునే చోటే కూర్చుని, బట్ట చుట్టే దోనెనే బల్లగా చేసుకుని వడ్రంగం మొదలుపెట్టారు. దారిన పోయేవాళ్ళు తొంగిచూసి, "ఏమయ్యోయ్, కొత్త రకం చీరా?" అనేవాళ్ళు. వాళ్ళకి జవాబు నేనే చెప్పేదాన్ని. "అవునండీ, సముద్రుడి పెళ్ళానికి" అనేదాన్ని.

కర్ర కోసం ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. మా వెనకింటి రైతు దొడ్లో విరిగిన బండి చక్రం ఒకటి పడి ఉంది. దాని మధ్యలోని ఆకుల కర్రలు ఊడదీసుకొచ్చారు. నల్లతుమ్మ ఎండితే ఇనుమే. రంపం పళ్ళు అరిగిపోయేవి, ఆయన అరచేతులు బొబ్బలెక్కేవి. ఆ దేశం వాళ్ళు ఏటి మీద నడిపిన అసలు ఓడలో బారెడుకి ఇక్కడ బెత్తెడు అని లెక్క పెట్టుకున్నారు. పది బారల ఓడ మా పాకలో పది బెత్తెల ఓడ అయింది, అంటే రెండు మూరలకి కొంచెం తక్కువ. చేపముక్కంత చెక్కలు కోసి, అంచుల్లో బెజ్జాలు తొలిచి, సన్నటి చీలలతో ఒకదానికొకటి గుచ్చి, లోపలి నుంచి తాడుతో బిగించాలి. అడుగున వెన్నెముకలాంటి దూలం ఉండదు. చెక్కకి చెక్కే ఆధారం. పైనుంచి చూస్తే దోసబద్దలా ఉండేది. రెండు కొసలూ పైకి లేచి, వెనక కొస తామరమొగ్గలా లోపలికి వంగేది.

నాకు అన్నిటికంటే నచ్చింది దాని తాడు. ముందు కొస నుంచి వెనక కొస దాకా, ఓడ నడినెత్తి మీదుగా, పంగల గుంజల మీద ఒక లావు తాడు లాగి కడతారు. మధ్యలో కర్ర దూర్చి మెలిపెడితే తాడు బిగుసుకుంటుంది. అప్పుడు ఓడ కొసలు రెండూ నీళ్ళలోకి వాలిపోకుండా నిలబడతాయి. ఆ మ్యూజియంలోనే ఒక రాతిపలక మీద చెక్కి ఉంటే చూశారట. "వాడు చూడగానే, మా అమ్మ మంచం నులక ఇట్టాగే బిగిస్తదిరా అన్నాడు" అని చెప్పి ఆయన మొదటిసారి కొంచెం నవ్వారు. ఆ నవ్వు కోసం నేను మరో గంట పాకలోనే తచ్చాడాను. పొయ్యి మీద పప్పు మాడింది, అత్తయ్య చేత చీవాట్లు తిన్నాను. అయినా బాధ వెయ్యలేదు.

వానలు వెళ్ళాయి, చలి వచ్చింది. ఓడ మటుకు అవలేదు. రేపో మాపో అయిపోతుందనగా ఆయన ఒక పక్క చెక్కలన్నీ ఊడదీసేవారు. ఒంపు సరిగ్గా రాలేదనేవారు. మళ్ళీ పేర్చేవారు. ఇంకో నెలకి తామరమొగ్గ నచ్చలేదని కోసేసి కొత్తది మొదలుపెట్టారు. నా కంటికి పాతదే ముద్దుగా ఉంది. నేతపనిలో పుట్టి పెరిగినదాన్ని, పోగు తెగితే అతుకుతాం గాని నేసిన బట్ట విప్పడం నేనెక్కడా చూడలేదు. చూసీ చూసీ ఒకరోజు అత్తయ్యతో, "మీ అబ్బాయి ఓడ కట్టడం లేదండీ, పటమట వెళ్ళే రోజుని దాటవేస్తున్నారు" అన్నాను.

అత్తయ్య బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతోంది. చేట పక్కన పెట్టి నేరుగా పాకలోకి వెళ్ళింది.

"ఒరే, అక్కడ ఒక తల్లి ఎదురుచూస్తా ఉంటది" అంది.

"వాడు పోయాడని ఆమెకి తెలుసు గదమ్మా. ఇంకా ఎవరి కోసం ఎదురుచూస్తది?"

"పోయాడని తెలిస్తే మాత్రం ఎదురుచూడటం మానుద్దేంట్రా? నువ్వు అక్కడున్న ఇన్నేళ్ళూ నేను ఏ గుమ్మంలో కూర్చున్నానో నీ పెళ్ళాన్నడుగు."

ఆయన తల దించుకుని చెక్క నున్నగా రుద్దుతూ ఉండిపోయారు. అత్తయ్య ఆ పూట కొడుక్కిష్టమని చింతచిగురు పప్పు చేసింది.

తెరచాప పని నాది. ఆయన అడగలేదు, నేనే లాక్కున్నాను. నూలు కరువులో కూడా ప్రతి నేతగాళ్ళ ఇంట్లో పడుగు కొసలు మిగిలి ఉంటాయి. కోసిన బట్ట తాలూకు మూరెడు పోగులు. అవి పారెయ్యం. వాటిని ఏరి, ముడేసి, అత్తయ్య కాచిన గంజి పట్టించి, పీట కాళ్ళకి సాగదీసి కట్టి, చేత్తోనే పోగు పోగూ దూర్చి జానెడున్నర వెడల్పు గుడ్డ నేశాను. మేమిద్దరం కలిసి చేసిన పని అంటూ అదే మొదటిది. నా వేళ్ళు ఎంత సంబరపడ్డాయో చెప్పలేను. పూర్తయ్యాక పరుగున తెచ్చి ఆయన ఒళ్ళో వేశాను.

ఆయన తిప్పి చూశారు. "ఎర్ర అంచు వేశావేంటి? అక్కడ ఓడ తెరచాపకి అంచు లేదు. ఉత్త తెల్లగుడ్డ."

"అంచు లేకుండా నేను నెయ్యను" అన్నాను టపీమని. "పంచెకైనా తువాలుకైనా సన్నగా ఓ అంచు వేస్తాం. అంచు లేని తెల్లబట్ట మా ఇళ్ళల్లో ఒక్కదానికే నేస్తారు."

అని నాలుక కరుచుకున్నాను. శవం మీద కప్పే గుడ్డ సంగతి నేను ఆ మాటతో ఎవరి ముందు ఎత్తానో అప్పటికి గాని తట్టలేదు.

ఆయన ఆ గుడ్డని మోకాళ్ళ మీద పరిచి, అంచు మీద బొటనవేలు రాశారు. తర్వాత నా వంక చూడకుండా మాట్లాడారు.

"వాడికి ఆ తెల్లగుడ్డ అయినా కప్పారో లేదో నాకు తెలియదు. నేను అక్కడ లేను. నెల రోజులు ఇంకో క్యాంపుకి పంపారు. తిరిగొచ్చేసరికి వాడి మంచం మీద ఇంకెవరో పడుకుని ఉన్నారు. నేను లేపి, ఇక్కడుండే అబ్బాయి ఏడీ అని అడిగితే, అతను నిద్రమత్తులో, పోయాడంట గదా అన్నాడు. ఎక్కడ పూడ్చారో చూపించేవాళ్ళు కూడా లేరు. మర్నాడే మమ్మల్ని వేరే ఊరు తోలారు. ఇప్పుడు నేను ఆ తల్లి ముందుకెళ్తే, మావాడు చివరికి ఏమన్నాడు బాబూ అని అడక్కుండా ఉంటదా? ఏం చెప్పను? పక్క మంచం వాణ్ణి. నాకేం తెలియదని చెప్పనా?"

అప్పుడు తెలిసింది నాకు, ఆయన పటమట వెళ్ళలేకపోవడానికి కారణం ఓడ ఒంపూ కాదు, మొగ్గా కాదని. వెళ్ళి ఆయన పక్కన గుంట గట్టు మీద కూర్చున్నాను. పట్టపగలు, తలుపులేని పాకలో, ఎవరన్నా చూస్తారనే సిగ్గు కూడా లేకుండా ఆయన చెయ్యి పట్టుకున్నాను. బొబ్బలు ఎండి గట్టిపడి, తుమ్మచెక్కలాగే ఉంది. ఆ చెయ్యంటే నాకు ఎంత ప్రేమ కలిగిందో.

"నేనూ వస్తా" అన్నాను. "మీకు నోరు పెగలకపోతే నేను చెప్తా. నాకు నోరుంది గదా."

"అంచు ఉండనీ" అన్నారు ఆయన.

తర్వాత ఇక దేన్నీ ఊడదియ్యలేదు. తెడ్లు చెక్కారు. వెనక చుక్కాని తెడ్లు రెండు పెట్టారు. తాడు మెలిపెట్టి బిగిస్తుంటే ఓడ మొత్తం చిన్నగా కిర్రుమంది. తెడ్లు వేసే మనుషుల్ని ఎప్పుడు చేస్తారని అడిగితే, "చెయ్యను. వాళ్ళ ఇళ్ళల్లో మనుషుల బొమ్మలు పెట్టుకోరు. ఆమె ఇంట్లో పెట్టుకోవాల్సింది గదా" అన్నారు.

పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సులో బెజవాడ దారి పట్టాం. ఓడని నా పాత చీరలో చుట్టి ఆయన ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. బస్సు ఎగిరినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టేవారు. కంకిపాడు దాటాక వెనక సీటు ముసలమ్మ ఇక ఆగలేక, "బిడ్డని అట్టా మూసేస్తే ఊపిరాడద్దా నాయనా? కాస్త మొహం తియ్యి" అంది. "నిద్రపోతన్నాడండీ" అన్నాను నేను. ఆయన కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నారు. ఆ నవ్వు పటమట దగ్గర దిగేదాకా నిలవలేదు. పటమట అప్పటికింకా బెజవాడలో కలవని ఊరు. బండ్లు కట్టే వాళ్ళ ఇల్లు ఎక్కడని అడుగుతూ పోతుంటే, ఆయన అడుగు అడుగుకీ వెనకబడ్డారు.

ఇల్లు తేలిగ్గానే దొరికింది. ముందు ఖాళీ పాక, ఒక పక్కన చక్రం అంచుకి వేసే ఒంపు చెక్కలు గోడకి ఆనించి ఉన్నాయి. ఆమె వాకిట్లో బొగ్గుల కుంపటి విసురుతోంది. పొడవాటి మనిషి, తల మీద తెల్ల ముసుగు. మావారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

నేను చెప్పబోయాను గాని ఆమే లేచి వచ్చింది. ఆయన మొహంలోకి చూసి, "నువ్వేనా నేతగాళ్ళ అబ్బాయివి? ఉలి పట్టుకోవడం చేతకాదని మావాడు రాసేవాడు. ఇన్నాళ్ళు పట్టిందా బేటా రావడానికి?" అంది. అందులో నిష్ఠూరం లేదు. చాప పరిచింది, నీళ్ళిచ్చింది.

నేను చీర విప్పి ఓడని ఆమె ముందు పెట్టాను. ఆమె చుట్టూ తిరిగి చూసింది. వేలి కణుపుతో చెక్క మీద కొట్టింది, వడ్రంగుల ఇంటి మనిషి కదా. "ఇది తుమ్మ. తుమ్మతో ఓడేంటి? మీరు నన్ను ఆటపట్టిస్తన్నారా?" అంది.

మావారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవులు మటుకు నవ్వుతున్నాయి. "మీరు నమ్మరని వాడు అప్పుడే అన్నాడమ్మా" అని మ్యూజియం సంగతీ, అద్దం మీద బెత్తెలు కొలిచిన సంగతీ చెప్పారు. ఆమె వింటూ తెరచాప సరిచేసి, "చీర అంచు నీ పనేనా పిల్లా?" అని నా వంక చూసి నవ్వింది. తర్వాత ఓడలోకి వంగి చూసింది.

"తెడ్లున్నాయి, మనుషులేరీ?"

"మీ ఇళ్ళల్లో బొమ్మలు పెట్టుకోరు గదమ్మా. అందుకని చెయ్యలా."

"పోనీలే. మరి మావాడు ఎక్కడ కూర్చున్నాడు ఇందులో?"

ఆయన ఆలోచించలేదు. వెనక చుక్కాని తెడ్డు పక్కన వేలు పెట్టి, "ఇక్కడమ్మా. ఎక్కడికెళ్ళినా వాడే దారి చూపేవాడు" అన్నారు.

"మరి నువ్వు?"

ఆయన వేలు వెనక్కి తీసుకున్నారు. నేను ఆయన వంక చూశాను. ఈ మాట మటుకు నేను చెప్పగలిగేది కాదు.

"నేను ఎక్కలేదమ్మా" అన్నారు. "ఒడ్డునే ఉండిపోయా. వాడు పోయేటప్పుడు నేను దగ్గర లేను. చివరికి ఏమన్నాడో, ఎవరు నీళ్ళు పోశారో, ఎక్కడ పెట్టారో, నాకేమీ తెలియదమ్మా. మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. కుంపట్లో బొగ్గులు చిటపటమంటున్నాయి.

"అందరూ ఎక్కేస్తే ఎట్టా బేటా?" అంది. "వాడు పోయిన సంగతి నాకు తంతి చెప్పింది. బతికిన సంగతి ఎవరు చెప్తారు? అక్కడ ఏం తిన్నాడు, ఎవరితో పోట్లాడాడు, ఎందుకు నవ్వాడు? ఒడ్డునున్నోడివి నువ్వే గదా చెప్పాల్సింది. చెప్పు. తొందరేం లేదు, మొదట్నుంచీ చెప్పు."

ఆయన చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, బెజవాడ స్టేషన్లో ఇద్దరూ ఒకే పెట్టె ఎక్కిన దగ్గర్నుంచి మొదలుపెట్టారు. ఎండ వాకిట్లోంచి గోడ మీదకి ఎక్కింది. ఆమె మధ్యలో నవ్వింది, రెండుసార్లు ఏడ్చింది, మళ్ళీ చెప్పమంది. ఆయన చెబుతూనే ఉన్నారు. అదంతా నేను కూడా అప్పుడే వింటున్నాను. పెళ్ళయిన అన్నేళ్ళకి మావారి గొంతు అంతసేపు వినడం నాకు అదే మొదలు.